106 కిలోలకు ఏ సైకిల్?

సైకిల్ సందేహాలు

ప్రశ్న: బాబాయ్ గారూ, మాది కావలి. నాకు 39 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 106 కిలోలు. ఇంట్లో బట్టలు కుడతాను, రోజంతా కూర్చునే పని. మోకాళ్ల నొప్పులని వెళ్తే డాక్టరమ్మ నడక తగ్గించి సైకిల్ తొక్కమంది. హైస్కూల్లో అద్దె సైకిల్ తొక్కిందే, మళ్లీ ముట్టుకోలేదు. షాపుకెళ్తే అక్కడి కుర్రాడు నన్ను కిందా మీదా చూసి ‘మీకు సైకిల్ తట్టుకోదు ఆంటీ, స్కూటీ కొనుక్కోండి’ అని నవ్వాడు. మా తమ్ముడు ముందూ వెనకా షాకబ్జార్లున్న గేర్ల సైకిలే కొనాలంటాడు. మా ఆయనేమో పిల్లాడి సైకిల్ సీటు పైకి లేపుకుంటే చాలదా అంటున్నాడు. 15 వేలు దాచుకున్నా. ఏది కొనమంటారు?

జవాబు: ముందు ఆ నవ్విన కుర్రాడి సంగతి తేలుద్దాం. నిండు గ్యాస్ సిలిండర్ ఒకటి 30 కిలోల దాకా ఉంటుందమ్మా. లోపలి గ్యాసే 14.2 కిలోలు, మిగతాది ఇనుము. అలాంటివి రెండు సైకిల్‌కు తగిలించుకొని, పైన తనూ ఎక్కి తొక్కే మనిషిని మనమంతా చూశాం. ఎంత లేదన్నా 120 కిలోలు. మా చిన్నప్పుడు నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా నాయన షాపు ముందు నుంచే 75 కిలోల వడ్ల బస్తాలు సైకిళ్ల మీద మిల్లుకు పొయ్యేవి. వాళ్లను చూసి ఎవరూ నవ్వలేదు. మీరు ఆ షాపులో మాత్రం కొనకండి.

అయితే ఏ సైకిల్ పడితే అది తట్టుకోదు, అదీ నిజమే. నా కథే చెప్తా. 45 ఏళ్లప్పుడు నేను 112 కిలోలు ఉండేవాణ్ణి. ‘సైకిళ్లు అమ్మేవాడు మోపెడ్ మీద తిరుగుతాడేంది’ అని ఎవరో అంటే రోషమొచ్చి, షాపులో మెరుస్తున్న ఏడు గేర్ల సైకిలొకటి తీసుకొని తెల్లారుజామునే జొన్నవాడ బయల్దేరా. కామాక్షమ్మ దర్శనమయింది. తిరిగొస్తుంటే వెనక నుంచి ‘టక్’మని చిన్న చప్పుడు. చక్రం ఓ పక్కకు వాలి ఫ్రేమును రాసుకోవడం మొదలుపెట్టింది. ఫ్రేముకేం కాలేదు, రిమ్ముకేం కాలేదు. వెనక చక్రం ఇరుసు, అదే యాక్సిల్, రెండు ముక్కలు! క్యారియర్ పట్టుకొని వెనక భాగం పైకెత్తి, ఆటో దొరికేదాకా నడిచా. చైను కవరు మీద మా షాపు పేరుంది చూశారూ, అది కనపడకుండా పైన తువ్వాలు కప్పా.

షాపుకొచ్చి విప్పితే గానీ నాకే బుర్రకెక్కలేదు. మామూలు గేర్ల సైకిల్‌లో వెనక హబ్బుకు, అంటే చక్రం నడుమ స్పోకులన్నీ చేరే భాగానికి, ఫ్రీవీలు అనే పళ్ల చక్రాల గుత్తి బిగిస్తారు. కుడివైపు బేరింగు గోళీలు ఆ పళ్ల చక్రాలకు లోపలివైపు ఉండిపోతాయి. అక్కడి నుంచి ఫ్రేము దాకా యాక్సిల్‌కు ఏ ఆసరా లేదు. గేర్లు పెరిగేకొద్దీ ఆ ఖాళీ పెరుగుతుంది, మన బరువు ఆ కాస్త కడ్డీనే వంచుతుంది. క్యాసెట్ అని ఇంకో రకం హబ్బు ఉంది. అందులో గోళీలు బయటికి, ఫ్రేము పక్కకే వస్తాయి, కాబట్టి వంగదు. గేర్లు లేని సైకిల్‌కు ఒకటే పళ్ల చక్రం గనక ఆ ఖాళీ తక్కువ. పాతకాలపు పెద్ద సైకిళ్లు బస్తాలు మోసిందీ కొంత ఇందువల్లే. ఇంకో కారణం స్పోకులు. వాటికి ముందు చక్రంలో 32, వెనక 40 ఉండేవి. కూర్చున్న మనిషి బరువులో సగానికి పైగా వెనక చక్రం మీదే పడుతుందని ఆ సైకిళ్లు చేసినవాళ్లకు తెలుసు.

అందుకని నా మాట ఇది: ఫ్రేము రంగూ గేర్ల లెక్కా చూసే ముందు వెనక చక్రం చూడండి. 36 స్పోకులు, డబుల్ వాల్ రిమ్ము (రెండు పొరలున్న రిమ్ము), ఇవి రెండూ కావాలి. మీ డబ్బులో క్యాసెట్ హబ్బుతో దొరికితే భేషుగ్గా గేర్లు తీసుకోండి. దొరక్కపోతే గేర్లే వద్దు. కావలి చుట్టుపక్కల ఎక్కడం ఏముంది గనక? ఏ ఫ్లైఓవరో వస్తే దిగి నడవండి, నామోషీ ఏం లేదు. గేర్లు లేని సైకిల్‌కు వెనక 18 పళ్ల ఫ్రీవీలు ఉంటే దాన్ని 20 లేదా 22 పళ్లదిగా మార్చమనండి. చిన్న పని, చైనుకో లింకు కలపాల్సి వస్తుందేమో అంతే. తొక్కుడు తేలికయి మోకాళ్లు మీకు దణ్ణం పెడతాయి. తుమ్మలపెంట సముద్రం వైపు సాయంత్రం పోతే ఎదురుగాలి కొడుతుంది, అప్పుడు ఈ మార్పు విలువ తెలుస్తుంది. వచ్చేటప్పుడు అదే గాలి వీపున తోస్తుంది లెండి.

ఫ్రేము మధ్య కడ్డీ లేని లేడీస్ సైకిలే కొనండి, ఇనపది. కడ్డీ ఉన్న ఫ్రేమే గట్టిదని ఎవరైనా చెప్తారు, అబద్ధం కాదు. కానీ ఎక్కడానికీ దిగడానికీ భయపెట్టే సైకిల్ నెల తిరక్కుండానే వరండాలో తడిబట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తుంది. 26 అంగుళాల చక్రాలు, అంగుళంముప్పావు నుంచి రెండంగుళాల వెడల్పు టైర్లు మీ ఎత్తుకు సరిపోతాయి. చైనుకు నిండు కవరు, వెనక చక్రానికి చీరగార్డు తప్పకుండా ఉండాలి. చున్నీ స్పోకుల్లో పడితే ఏమవుతుందో వర్ణించను.

మీ తమ్ముడికి చెప్పండి, చవక షాకబ్జార్లు మామూలు మనిషి బరువుకు చేసిన స్ప్రింగులు. మీరు కూర్చోగానే సగం దిగిపోతాయి, బ్రేకు వేస్తే ముందుకు కుంగుతాయి. వెనక కూడా ఉంటే మీరు తొక్కిన బలంలో కొంత స్ప్రింగు ఆడించడానికే పోతుంది. కుదుపుకు మందు వెడల్పు టైరే. మీ ఆయన సలహా మాత్రం ప్రమాదం. సీటు గొట్టం మీద ‘ఇంతకంటే పైకి లేపొద్దు’ అని గీత ఉంటుంది. పిల్లాడి సైకిల్‌లో మీ కాలు చాచాలంటే ఆ గీత దాటాలి. దాటితే ఏదో ఒకరోజు గొట్టం విరుగుతుంది, లేదా ఫ్రేమే చీలుతుంది.

షాపులో రెండు పనులు చేయండి. ఒకటి, సైకిల్‌తో వచ్చే పుస్తకం అడిగి ఎంత బరువుకో చూడండి. కొన్నిటికి 100 అనీ కొన్నిటికి 120 అనీ రాసి ఉంటుంది, అందులో మీ సంచీ బరువు కూడా లెక్కే. ‘ఏం కాదులేమ్మా’ అంటే రాసిందే చూపించమనండి. రెండు, వెనక చక్రం స్పోకులను ఒక్కొక్కటే వేలితో మీటండి. ఒకే వైపువన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. గేర్ల సైకిలైతే కుడివైపువి కాస్త ఎక్కువ శ్రుతిలో ఉంటాయి, అది తప్పు కాదు. మధ్యలో ఒకటి ‘డబ్’మంటే అది వదులు. దాని భారం పక్కవాటి మీద పడుతుంది, అదీ అవీ ముందు తెగుతాయి. కొత్త చక్రం మొదటి నెలలో ఎలాగూ సర్దుకుంటుంది, కాబట్టి నెల తిరగ్గానే తీసుకెళ్లి స్పోకులు బిగించి బెండు తీయించండి. ఆ కూలికి వెనకాడకండి. 15 వేలూ సైకిల్‌కే పొయ్యకుండా కొంత ఉంచుకోండి. సైకిల్‌తో వచ్చిన వెనక చక్రం బలహీనమైతే ఆ డబ్బుతో మంచిది కట్టించుకోవచ్చు.

గాలి బొటనవేలితో నొక్కి చూసే లెక్క మన బరువుకు పనికిరాదు. గేజీ ఉన్న పంపొకటి కొనండి. టైరు పక్కన అంకె అచ్చేసి ఉంటుంది. 40 నుంచి 65 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంటే వెనక 60 దగ్గర, ముందు 50 దగ్గర పెట్టండి, వారానికోసారి చూసుకోండి. గాలి తక్కువైతే గుంతలో ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి, పాము కరిచినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

సీటు మెత్తగా, పీటంత ఉంటే సుఖమనుకుంటాం. పావుగంట దాటాక తొడలు ఒరుసుకుపోతాయి. మన కూర్చునే ఎముకలు ఆనేంత వెడల్పు, కాస్త గట్టిదనం చాలు. మొదటి పది రోజులు నొప్పి ఉంటుంది, సీటు మార్చకండి. అలవాటు తప్పి చాలా ఏళ్లయింది గనక మొదట పెడళ్లు రెండూ విప్పించండి. 15 నంబర్ స్పానర్ చాలు. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, మామూలుగా తిప్పితే ఇంకా బిగుస్తుంది. సీటు దించి, రెండు కాళ్లూ నేలకు ఆనించి, బడి గ్రౌండులో నెట్టుకుంటూ తిరగండి. రెండు మూడు రోజుల్లో బ్యాలెన్సు తిరిగొస్తుంది. అప్పుడు పెడళ్లు బిగించి సీటు కొంచెం కొంచెం పైకి లేపండి. మడమ పెడల్ మీద పెడితే కాలు నిటారుగా రావాలి. సీటు కిందకుంటే భయం తగ్గుతుంది గానీ మోకాళ్లు పోతాయి. మీరు సైకిల్ కొంటున్నదే మోకాళ్ల కోసం కదా.

ప్రశ్న: మాది ఒంగోలు. నా బరువు 98. మూడు నెలల్లో వెనక చక్రం స్పోకులు నాలుగుసార్లు తెగాయి. ప్రతిసారీ తెగినదొక్కటే మార్చి పంపిస్తున్నారు.

జవాబు: హబ్బు దగ్గర వంపులోనే తెగుతున్నాయి కదూ? వదులుగా ఉన్న స్పోకు చక్రం తిరిగినప్పుడల్లా సాగుతూ సడలుతూ అక్కడే అలిసిపోయి తెగుతుంది. నాలుగు తెగాయంటే మిగతావీ అదే వయసులో ఉన్నట్టు. ఒక్కొక్కటే మారిస్తే మీకు ప్రతి వారం షాపు దర్శనమే. మొత్తం స్పోకులు కొత్తవి వేసి చక్రం మళ్లీ కట్టమనండి, అన్నీ సమంగా బిగించమనండి. 

ప్రశ్న: మార్కాపురం దగ్గర పల్లె మాది. పొలం దారిలో చిల్లచెట్ల ముళ్లతో వారానికి రెండు పంక్చర్లు. గట్టి టైరు ఏదైనా ఉందా?

జవాబు: టైరుకూ ట్యూబుకూ మధ్య వేసే లైనర్ పట్టీ దొరుకుతుంది, వేయించండి. అంతకంటే ముందు, పంక్చర్ వేయించిన ప్రతిసారీ టైరు లోపల దూది ముక్కతో చుట్టూ తుడిచి చూడమనండి. చిల్లముల్లు మొన విరిగి రబ్బరులోనే ఉండిపోతుంది, పైనుంచి కనపడదు. దూది పీచు దానికి పట్టుకుంటుంది. మీ వారానికి రెండు పంక్చర్లలో ఒకటి పాత ముల్లుదే అని నా అనుమానం.