స్కామ్ 1992 చూసి డీమ్యాట్ తెరిచిన మా మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

అక్క ఫోన్ చేసింది, నువ్వు శని ఆదివారాల్లో పది ఎపిసోడ్లూ చూసేసి సోమవారం పొద్దున్నే షేర్లు కొనడానికి డీమ్యాట్ ఖాతా ఓపెన్ చేశావంట, ఫోన్ రింగ్‌టోన్ కూడా ఆ టైటిల్ మ్యూజిక్కేనంట. సీరియల్ బావుంది, కాదన్ను, నేనూ రెండుసార్లు చూశా, ఆ ప్రతీక్ గాంధీ నవ్వుతుంటే నాక్కూడా ఆ స్కామ్ చేసిన షేర్ బ్రోకర్ హర్షద్ మెహతా మీద ప్రేమ పుట్టింది. అక్కడే జాగ్రత్తగా ఉండాలి.

మొదటిసారి అందరం హర్షద్ వెనకాలే పోతాం. రెండోసారి డబ్బు ఏ చేతిలోంచి ఏ చేతికి పోతోందో చూడు. రెడీ ఫార్వర్డ్ అనే మాట వచ్చినప్పుడల్లా పాజ్ కొట్టు. అదేం బ్రహ్మవిద్య కాదు, ఒక బ్యాంకుకి డబ్బు అవసరమైతే తన గవర్నమెంట్ బాండ్లు ఇంకో బ్యాంకుకి అమ్మి కొద్దిరోజులాగి కాస్త ఎక్కువ రేటుకి తిరిగి కొనుక్కుంటుంది, మనం బంగారం తాకట్టు పెట్టినట్టే. చెక్కు బ్యాంకు నుంచి బ్యాంకుకి పోవాలి, బ్రోకర్ కమీషన్ తీసుకుని తప్పుకోవాలి. అలా జరగలా. చెక్కులేమో బ్రోకర్ ఖాతాలో పడ్డాయి, బాండ్ల బదులు, అవి తర్వాత ఇస్తామని రాసిన బ్యాంక్ రిసీట్ అనే ఒక కాగితం చేతులు మారింది, బ్యాంక్ ఆఫ్ కరాడ్ లాంటి చిన్న బ్యాంకులైతే వెనక బాండ్లే లేకుండా రిసీట్లు రాసిచ్చాయి. ఆ డబ్బు హర్షద్ షేర్లలో పోశాడు, దాంతోనే ఏసీసీ సిమెంటు కంపెనీ షేరు 200 దగ్గర్నుంచి 9,000 దాకా ఎగిరింది, తెలివితో కాదురా.

అది చూసే 1992 మార్చిలో నేను పీఎఫ్ లోన్ పెట్టి 30 వేలకి షేర్లు కొన్నా, మీ అత్తకి చెప్పలా. బ్యాంకులో పనిచేస్తూ నాకే తెలీలేదు చూడు. ఏప్రిల్ 23న పేపర్లో ఈ గుట్టు బయటపెడుతూ సుచేతా దలాల్ అనే రిపోర్టర్ రాసిన వార్త, 28న సెన్సెక్స్ ఒక్కరోజే 570 పాయింట్లు, అంటే 12 శాతం పైన, ఢామ్. ఆ సర్టిఫికెట్లు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి, సంక్రాంతికి సర్దినప్పుడల్లా మీ అత్త తీసి నా ముందు పెడుతుంది, ఒక్క మాట కూడా అనదు, అదే పెద్ద బాధ.

ఇంకోటి, ఆ సూట్‌కేసు సంగతి. 1993 జూన్‌లో హర్షద్ ప్రెస్ మీట్ పెట్టి అప్పటి ప్రధాని పీవీకి సూట్‌కేసులో కోటి ఇచ్చానన్నాడు, మన పీవీ కాదన్నారు, అది రుజువు కాలేదు. కానీ తెరమీద చూస్తే జరిగినట్టే అనిపిస్తుంది కదా. నిజం కేసు మీద తీసిన ఏ సీరియల్ చూసినా సీను సీనుకీ ఇది ఎవరు చెప్పారు అని అడుగు, కోర్టా, సీబీఐయా, రిపోర్టరా, లేక రైటర్ కూర్చుని అల్లుకున్నాడా. నాలుగ్గోడల మధ్య మొగుడూపెళ్ళాల మాటలు ఎవడు రికార్డు చేశాడు చెప్పు? ఈ సీరియల్‌కి ఆధారం సుచేతా దలాల్, దేబాశిష్ బసు రాసిన పుస్తకం, వీలైతే అది చదువు, సీరియల్లో స్పీడుగా దాటేసిన బ్యాంకుల గొడవంతా అందులో ఉంది.

అన్నట్టు హర్షద్ 47 ఏళ్ళకే, 2001 డిసెంబరు 31న, ఠాణేలో కస్టడీలో ఉండగానే పోయాడు, కేసులు అప్పటికీ తెమల్లేదు.

డీమ్యాట్ మూసెయ్యమనట్లేదు. కొనేముందు కంపెనీ పేరు నాకు వాట్సాప్ చెయ్యి, బ్యాలెన్స్ షీట్ ఇద్దరం చూద్దాం. అప్పు చేసి మాత్రం కొనకు. పండక్కి వచ్చేలోపు ఆ రింగ్‌టోన్ మార్చు, అది మోగితే మీ అత్త బీరువా వైపు చూస్తుంది.

మీ మావయ్య