పదును వచ్చేదాకా ఆగు

చి. అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

బంతి, మల్లె వెయ్యడానికి విశాఖ వైపు ఆనందపురం దగ్గర అరెకరం కౌలుకి తీసుకున్నావని, కాగితం నీ పేరునే రాయించుకున్నావని మీ అమ్మ చెబితే ఎంత సంబరపడ్డానో! ఆ వెంటనే, "నిన్న వాన పడి నేల మెత్తబడింది, రేపే ట్రాక్టర్ పెడుతోంది" అంది. సంబరం కాస్తా దడ అయిపోయింది. ముందు ఆ ట్రాక్టర్ అబ్బాయికి రావద్దని ఫోన్ చెయ్యి. ఉత్తరం తర్వాత చదువుకోవచ్చు.

చైత్ర, వైశాఖాల్లో మన వైపు వాన తీరు నీకు తెలిసిందే. పగలంతా ఉక్క, సాయంత్రానికి కొండల మీంచి మబ్బు, గంటసేపు గాలివాన, మర్నాడు పొద్దున్నే చుర్రుమనే ఎండ. ఆ ఎండకి పైమట్టి ఆరి పొడిగా కనిపిస్తుంది. మోసమంతా అక్కడే ఉంది. జానెడు కింద ఇంకా ముద్దే.

ఆ ముద్ద మీద చక్రం నడిచి, మట్టిని పిండి చేసే రోటవేటర్ కత్తులు అడుగున రుద్దాయంటే మట్టిలో గాలాడే సందులన్నీ మూసుకుపోతాయి. నాలుగు ఎండలకి అది ఇటుకలా బిగుస్తుంది. పైన నాలుగంగుళాలు పిండిలాంటి దుక్కి, దాని కింద గట్టి పొర. నాటిన రోజు ఏమీ తెలీదు. నెల తిరిగాక వేరు ఆ పొరకి తగిలి పక్కకి మళ్ళుతుంది, మళ్ళీ వాన పడితే నీరు కిందికి ఇంకక వేరు చుట్టూనే నిలుస్తుంది. మొక్క మధ్యాహ్నం తల వేలాడేసి సాయంత్రానికి తేరుకుంటుంది. అది చూసి నీళ్ళు చాలలేదనుకుని ఇంకో తడి పెడతారు. దాంతో మొక్క మొదలు కుళ్ళుతుంది. తెగులొచ్చిందని మందు కొడతారు. నారు డబ్బు, కూలి డబ్బు, మందు డబ్బు అన్నీ పోయాక కూడా తప్పు దుక్కి రోజున జరిగిందని ఎవరికీ తట్టదు. వాన పడిందంటే నాగలి కట్టేయడం మనవాళ్ళకి తాతల నాటి అలవాటు. ఎద్దుల నాగలికి కొంత చెల్లింది, ట్రాక్టర్ బరువుకి చెల్లదు.

పదును, అంటే దున్నడానికి సరిపడా తేమ, చూడ్డం పెద్ద విద్యేం కాదు. పారతో జానెడు లోతు మట్టి గుప్పెడు తీసి, ముద్ద చేసి, నడుమెత్తు నుంచి వదులు. పొడిపొడిగా విడిపోతే దున్నుకో. ముద్దగానే ఉంటే ఆగు. బొటనవేలితో రుద్దినప్పుడు నున్నగా మెరిసినా ఇంకా తడే. మెరకలో రెండు రోజులకే పదును వస్తే పల్లంలో నాలుగైదు రోజులు పట్టొచ్చు, అందుకని నాలుగు చోట్ల చూడు.

ఆలస్యమైపోతుందని బెంగ ఎందుకే? ఇప్పుడు నాటిన బంతి రెండు నెలలకి పూత అందుకుంటుంది, అంటే ఆషాఢం, పెళ్ళిళ్ళు లేని రోజులు. వారం జరిగితే శ్రావణానికి దగ్గరపడతావు. వైశాఖంలో సింహాచలం చందనోత్సవానికి పూలు అమ్మాలంటే వచ్చే ఏడు మాఘంలోనే నాటుకో.

మడి మూడడుగుల వెడల్పు, ముప్పావు అడుగు ఎత్తు. మధ్య కాలువ అడుగున్నర, అది పల్లం వైపు తెరిచి ఉండాలి. నడక కాలువలోనే, మడి మీద ఎవరూ కాలు పెట్టకూడదు. నారు 25 నుంచి 30 రోజులది, రెండడుగులకి అడుగున్నర దూరం, సాయంత్రం పూట నాటించు. మబ్బు కమ్మినప్పుడు యూరియా చల్లకు. నారుమడిలో మొలకలు నేల దగ్గర మెత్తబడి వాలిపోతుంటే నీళ్ళు ఆపి, లీటరుకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళలో పొయ్యి.

మల్లె ఇప్పుడొద్దు, తొలకరి వానలకి నాటు. గుంటలు కూడా తడిలో తవ్వించకు. గునపం గోడల్ని సున్నం పూసినట్టు నున్నగా చేసేస్తుంది, వేరు వాటిని దాటలేక కుండలో మొక్కలా లోపలే చుట్టుకుంటుంది.

కోత మొదలయ్యాక గుర్తుంచుకో. తడి బంతిని గోనెలో కుక్కితే రాత్రికి రాత్రే సంచి నడుమ వేడి పుట్టి రేకులు నల్లబడతాయి. తడి ఆరాకే కొయ్యి. తప్పనిసరై కోస్తే చాప మీద పల్చగా పరిచి, ఫ్యాను గాలికి ఆరనిచ్చి మార్కెట్‌కి పంపు.

పంట పోతే మళ్ళీ వేసుకుంటాం. నాకు భయం పిడుగంటేనే. గట్టు మీద తాటిచెట్లున్నాయట, ఉరుము వినబడితే వాటి కిందికి మాత్రం పోకు. పాక కూడా ఆదుకోదు. పక్కా ఇంట్లోకో, అద్దాలు ఎత్తిన కారులోకో వెళ్ళు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా చేలో అడుగు పెట్టకు. ఫోన్లో పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ పెట్టుకో. కూలీలు సగం పనిలో ఉన్నారని మొహమాటపడకు, వాళ్ళనీ లేపుకెళ్ళు. తడి చేత్తో, ఒట్టి కాళ్ళతో మోటారు స్టార్టర్ డబ్బా ముట్టుకోకు. ఎర్త్ వైరు ఉందో లేదో రేపే చూపించు. కసిరానని అనుకోకు తల్లీ, నీ ఊసే ఆలోచిస్తూ రాత్రంతా నిద్ర పట్టలేదు.

ట్రాక్టర్ అబ్బాయికి చెప్పావా? సాయంత్రం ముద్ద వదిలి చూసి ఫోన్ చెయ్యి. పల్లం మూలది కూడా.

మీ మావయ్య