పాత మట్టా, కోకోపీటా? ముందు వేర్లు పీకి చూడండి

పోయినేడు టమాట, మిర్చి వేసిన గ్రో బ్యాగుల మట్టిని మళ్లీ వాడుకోవచ్చా, లేక అదంతా పారబోసి కొబ్బరి పొట్టుతో చేసే కోకోపీట్‌కు మారాలా అని అడిగారు. మిద్దె మీద బరువు గురించీ భయపడుతున్నారు. హనుమకొండ అన్నారు, బోరు నీళ్లే అన్నారు. ఆ రెండు మాటలతోనే నా జవాబు సగం తేలిపోయింది. మట్టి ఉంచుకోండి. కోకోపీట్‌ను అందులో కలపడానికి, నారు పోసుకోవడానికి వాడండి. కాజీపేటలో మా మిద్దె మీద రెండూ పెట్టి పెంచుతున్నా కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

యూట్యూబ్‌లో కోకోపీట్ టమాటలు చూసి చాలామంది ఆశపడుతున్నారు. అవి కాయవని కాదు, బాగా కాస్తాయి. కానీ అందులో మొక్కకు తిండి దాదాపు ఉండదు. పాలీహౌస్‌లలో డ్రిప్పు ద్వారా ఎరువు కలిపిన నీళ్లు రోజుకు ఎన్నోసార్లు పోతుంటాయి, అందుకే నడుస్తుంది. ఇంట్లో ఆ డ్రిప్పు మీరే అవ్వాలి. మట్టిలో పెంట ఎరువు ఒకసారి వేస్తే నెలల తరబడి కొద్దికొద్దిగా అందుతుంది. ఒక ఎండాకాలం పెళ్లికని కరీంనగర్ పోయి వచ్చేసరికి కోకోపీట్ బ్యాగుల్లో టమాటలు చిగురు దాకా వాడిపోయి ఉన్నాయి. పక్కనే మట్టిలో ఉన్నవి నీళ్లు పోయగానే సాయంత్రానికి లేచి నిలబడ్డాయి.

ఇక బోరు నీళ్లు. వాటిలో లవణాలు ఎలాగూ ఉంటాయి, దానికి తోడు కొబ్బరి పొట్టులో సహజంగానే సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. కోకోపీట్‌ను ఇటుకలా నొక్కి అమ్ముతారు, సరిగ్గా కడగని ఇటుక కొంటే ఆ ఉప్పంతా వేర్ల దగ్గరే. పైగా ఆ పొట్టు కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని తనే పట్టుకుంటుంది, మొక్కకు అందనివ్వదు. టమాట కాయ అడుగున నల్లగా, తోలులాగా అయిపోయేది చాలావరకు ఈ కాల్షియం కొరత వల్లే. నీళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అయినా అదే వస్తుంది. అందుకే కోకోపీట్ తెచ్చాక కారే నీళ్ల ఎర్రరంగు తగ్గేదాకా కడగాలి, తర్వాత కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి మళ్లీ కడగాలి. ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కూడా ఇస్తారు కదా, అది వేరే రోజు, వేరే బకెట్‌లో. రెండూ చిక్కగా ఒకేచోట కలిపితే తెల్లగా అడుగున పేరుకుంటాయి, ఎవరికీ పనికిరావు. అయిదు కిలోల ఇటుక ఉబ్బితే 70 లీటర్ల దాకా అవుతుంది, కాబట్టి కడగడానికి ఎంత నీళ్లు కావాలో మీరే ఊహించుకోండి. ఏప్రిల్‌లో బోరు వట్టిపోయే కాలనీల్లో ఈ పని చేస్తే ఇంట్లోవాళ్లే తిడతారు.

పాత మట్టి సంగతికి వస్తే, దాంట్లో సారం తగ్గడం పెద్ద సమస్య కాదు, ఎరువు వేస్తే తిరిగొస్తుంది. అసలు చూడాల్సింది రోగం. పాత మొక్కను మెల్లగా పీకి, వేర్లు బకెట్ నీళ్లలో జాడించి వెలుతురులో చూడండి. వేరు తనే ఉబ్బి ముడులు ముడులుగా, గోటితో గీకినా ఊడకుండా ఉంటే అది నులిపురుగు, అంటే వేర్లలో చేరే సన్నని పురుగు. చిక్కుడు, బొబ్బర్ల వేర్లకు కూడా బుడిపెలుంటాయి, వాటిని చూసి బెదరకండి. అవి వేరుకు పక్కన అంటుకుని ఉంటాయి, వేలితో నలిపితే ఊడొస్తాయి, పచ్చిగా ఉన్నప్పుడు చీల్చితే లోపల గులాబీ రంగు. అవి మంచివే.

మొక్క పచ్చగా ఉండగానే ఒక్కసారిగా వాడి చచ్చిపోయి ఉంటే ఇంకో పరీక్ష. మొదలు దగ్గర కాండం కోసి, గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, కోసిన కొస నీళ్లలో మునిగేలా కదలకుండా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి సన్నని దారాలు కిందికి దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. ఆ మట్టి మాత్రం వాడొద్దు, పక్క బ్యాగుల్లోకి కలపొద్దు, తవ్విన చేతిపార కూడా కడగండి. మొహమాటం వద్దు, అది పారబోయాల్సిందే.

రోగం ఏమీ కనపడకపోయినా మట్టిని ఒకసారి ఎండకు కాల్చుకోవడం మేలు. మన దగ్గర దానికి కరువు లేదు, రోహిణి కార్తెలో మిద్దె మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. పాత వేర్లు ఏరేసి, మట్టిని తడిపి, పలుచగా పరిచి, పారదర్శక ప్లాస్టిక్ పట్టా కప్పి అంచులకు ఇటుకలు పెట్టండి. నల్ల పట్టా వద్దు, వేడంతా పట్టాలోనే ఆగిపోతుంది. పొడి మట్టి కూడా వద్దు, తడి ఉంటేనే వేడి లోపలికి దిగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు, అంటే ఏప్రిల్ చివర కప్పితే మృగశిర నాటికి తీసేయొచ్చు. బోరు నీళ్ల వల్ల పైన తెల్లగా పేరుకున్న పొర ఉంటే కప్పేముందే గీకి తీసేయండి.

ఎండకు మంచి సూక్ష్మజీవులూ పోతాయి కాబట్టి మళ్లీ ఎక్కించాలి. నేను చేసేది ఇది: బాగా మాగిన పశువుల పెంట 9 కిలోలు, వేపపిండి కిలో, ట్రైకోడెర్మా విరిడి (రోగాల బూజును అణిచే మంచి బూజు పొడి) 200 గ్రాములు కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో తడి గోనెపట్టా కప్పి వారం పది రోజులు ఉంచుతా. పైన తెల్లగా, ఆకుపచ్చగా బూజు వస్తే తయారైనట్టు. ఇంట్లోవాళ్లు చెడిపోయిందని పారేస్తారు, ముందే చెప్పి ఉంచండి. దీన్ని పాత మట్టిలో కలిపి, మొత్తంలో నాలుగో వంతు దాకా కడిగిన కోకోపీట్ వేసుకోండి. మీది నల్లరేగడి అయితే ఇది తప్పదు, లేకపోతే బ్యాగులో బిగుసుకుపోయి నెర్రెలిస్తుంది, నీళ్లు పక్కల నుంచే జారిపోతాయి. ఎర్రమట్టి అయితే తక్కువ చాలు.

టమాట వేసిన బ్యాగులో మళ్లీ టమాటగానీ, మిర్చి, వంకాయ, ఆలుగానీ పెట్టకండి, అన్నీ ఒకే కుటుంబం, ఒకే రోగాలు. రోగం లేని మట్టి అయితే గోకరకాయ, చిక్కుడు, తోటకూర వేయండి. నులిపురుగు కనిపిస్తే బెండ జోలికి అసలు పోవద్దు, బంతి దగ్గర దగ్గరగా వేసి కాలమంతా ఉంచండి, దాని వేర్లు నులిపురుగును అణుస్తాయి. వానలు పడగానే నారు పెడితే బతుకమ్మకు పూలూ చేతికొస్తాయి. ఆ పండగ వారంలో బజారులో బంతిపూల ధర చూసినవాళ్లకు ఇది చిన్న లాభం కాదు. మిర్చి మాత్రం కొత్త మట్టిలోనో, ఈ కుటుంబం పడని బ్యాగులోనో పెట్టుకోండి. మేం వరంగల్ చపాటా రకం మిర్చి వేస్తాం, 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కదా, అదే. కారం తక్కువ, రంగు ఎక్కువ.

బరువు విషయంలో మాత్రం మీ భయం న్యాయమే, ఇక్కడ గెలుపు కోకోపీట్‌దే. 12 అంగుళాల బ్యాగులో సుమారు 22 లీటర్లు పడుతుంది. తడి మట్టి అయితే 35 కిలోల దాకా తూగుతుంది, తడి కోకోపీట్ అందులో సగానికి అటూ ఇటూ. మట్టి బ్యాగులను స్లాబు మధ్యలో కాకుండా గోడలు, బీముల మీదుగా వరసగా పెట్టండి. కింద ఇటుకలు పేర్చి ఎత్తు చేస్తే నీళ్లు నిలవవు, స్లాబు చెమ్మగిల్లదు. ఇల్లు పాతదై, కింద గదుల్లో పెచ్చులు రాలుతుంటే మట్టి బ్యాగులు నేల మీదే పెట్టుకోండి. మిద్దె మీదికి ఆకుకూరలకు సరిపడా లోతు తక్కువ ట్రేలు చాలు, వాటిలో కోకోపీట్ వంతు పెంచుకున్నా ఇబ్బంది లేదు.