ఉద్యోగం చేసుకుంటూ, కీమో నడుస్తున్న కుక్కని ఒక్కరే చూసుకోగలమా?

"తొమ్మిదేళ్ల లాబ్రడార్‌కి లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) అన్నారు. ఇంట్లో నేనూ అమ్మే. ఆఫీసు మానలేను. కీమో మొదలుపెడితే చూసుకోగలనా?" అని అడిగారు. మొదలుపెట్టాలా వద్దా అన్నది మీరు డాక్టరుతోనూ మీ పర్సుతోనూ మాట్లాడుకుని తేల్చుకోవాల్సిందే. చూసుకోగలరా అన్న ముక్కకి మాత్రం నా దగ్గర జవాబుంది. మా అబ్బులుని పదకొండు నెలలు చూసుకున్నాను.

అబ్బులంటే మా కుక్కేనండీ. పేరు పెట్టింది నాన్న, అమలాపురం మనిషి కదా. వాడికి ఎనిమిదో ఏట దవడ కింద రెండు బిళ్ళలు కట్టాయి. నొప్పి లేదు, తిండి మానలేదు. మొదట చూపించిన చోట పంటి ఇన్‌ఫెక్షనన్నారు. రెండు వారాలు యాంటీబయాటిక్ వాడాం. ఈలోగా వెనక మోకాళ్ల దగ్గర కూడా గోళీకాయల్లా తేలాయి. ఇంకో డాక్టరు తడిమి చూసి, సూదితో తీసిన చుక్కని పరీక్షకి పంపారు.

లింఫోమాయే అని తేలాక ఆవిడ దాపరికం లేకుండా చెప్పారు. వైద్యం చెయ్యకపోతే నెల, నెలన్నర. ఒక్క స్టెరాయిడ్ మాత్రలతో అయితే ఒకటి రెండు నెలలు. నాలుగు మందుల కీమోకి లొంగే రకమైతే ఏడాది అటూ ఇటూ. నయమవుతుందనుకోవద్దు, మంచి రోజులు కొన్ని కొనుక్కోవడం అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు, మీరు ఇవాళే మీ డాక్టరుని అడగండి: స్టెరాయిడ్ ముందే మొదలుపెట్టేస్తే ఆ తర్వాత కీమో సరిగా పనిచెయ్యకపోవచ్చు. అందుకని "ముందు ఈ మాత్రలు వాడదాం, తర్వాత చూద్దాం" అనే పద్ధతి ఈ జబ్బులో కుదరదు.

మాకు ఇరవై వారాల లెక్క వేశారు. ఒక వారం విన్‌క్రిస్టిన్, తర్వాత సైక్లోఫాస్ఫమైడ్, మళ్లీ విన్‌క్రిస్టిన్, ఆ పై వారం డోక్సోరుబిసిన్, ఒక వారం విరామం. ఇలా నాలుగు చుట్లు. మొదటి నెల కీమోతో పాటే ప్రెడ్నిసొలోన్ (అదే స్టెరాయిడ్) మాత్రలు అదనం. ఈ విన్‌క్రిస్టిన్‌ని బిళ్ళగన్నేరు మొక్క నుంచే తీస్తారని తెలిశాక అమ్మ బాల్కనీలో కుండీ దగ్గర నిలబడి, "బిళ్ళలు కడితే బిళ్ళలు మింగించి, బిళ్ళగన్నేరు ఎక్కిస్తున్నారన్నమాట" అంది. కింది ఫ్లాటాయన అయితే ఆ ఆకు నూరి పొయ్యమన్నాడు. మీకూ ఎవరో ఒకరు చెబుతారు. వినకండి, ఆ మొక్క తింటే కుక్కకి విషం.

ఇవన్నీ మనుషులకి వాడే మందులే. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరి షాపుకి వెళ్లి తెచ్చుకునేదాన్ని. ఒకరోజు లైన్లో నా వెనకున్న పెద్దాయన చీటీ వైపు చూసి "ఎవరికమ్మా?" అన్నాడు. ఆయన చేతిలో భార్య ఫైలు. కుక్కకి అని నోరు రాలేదు. "మా ఇంట్లో వాడికి" అన్నాను. "ఎన్నేళ్లు?" "ఎనిమిది." ఆయన కళ్లు చెమర్చాయి. "పసివాడే" అని నన్ను ముందుకి పంపాడు. సరిదిద్దలేదు, మందు తీసుకుని వచ్చేశాను. పదకొండు నెలల్లో నేను సిగ్గుపడ్డ రోజేదంటే అదే. సిగ్గు కుక్కకి ఖర్చు పెడుతున్నందుకా, ఆయన వంతు తీసుకున్నందుకా అంటే ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇక పని సంగతి. కుక్క మీరు భయపడుతున్నంత బాధపడదు. బొచ్చంతా రాలదు, మావాడికి మీసాలు మాత్రం రాలాయి. పూడుల్, షిట్జూ లాంటి బొచ్చు జాతులకైతే రాలుతుందట. ఇంజక్షన్ అయిన సాయంత్రమే ఉల్లాసంగా ఉండేవాడు. డోక్సోరుబిసిన్, అదే ఎర్ర మందు, ఎక్కించిన మూడో రోజుకి మాత్రం వాంతులు, విరేచనాలు. సైక్లోఫాస్ఫమైడ్ పొద్దున్నే వెయ్యాలి, రోజంతా నీళ్లు తాగించి మాటిమాటికీ బయటికి తీసుకెళ్లాలి. మూత్రసంచిలో మందు నిలవుంటే రక్తం పడుతుంది. ఆఫీసుకి వెళ్లేవాళ్లకి ఇదే కష్టం. నేను ఆ మాత్ర రోజుని శనివారానికి మార్పించుకున్నాను. మీరూ అడగండి, డాక్టర్లు కాదనరు.

మందు పడ్డ రెండు మూడు రోజులు ఉచ్చ, దొడ్డి, వాంతి గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు. మాత్రలు చిదపకూడదు. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లు ఆ పనుల దరిదాపులకి రాకూడదు. పనావిడకి ఈ సంగతి విడమరిచి చెప్పి, ఆ రోజుల్లో తుడిచే పని మీరే పెట్టుకోండి. ఆవిడకి తెలియకుండా చేయించడం తప్పు.

థర్మామీటరు కొనండి. కుక్కకి 102.5 వరకూ మామూలే. కీమో అయిన వారం పది రోజుల్లోపు 103 దాటిందంటే తెల్ల కణాలు పడిపోయి ఉండొచ్చు, తెల్లారేదాకా ఆగకూడదు. మాకు రెండో చుట్టులో ఎనిమిదో రోజు అర్ధరాత్రి 103.6 వచ్చింది. రెండు రోజులు సెలైన్ మీద ఉంచారు. రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని పెట్టుకోండి, ఆ టైములో వెతుక్కోలేరు.

ఇవన్నీ చేస్తే అయిపోయే పనులు. నన్ను అరగదీసింది వేరే. చెయ్యి ఊరికే వాడి దవడ కిందికి పోయేది. కాఫీ తాగుతూ, టీవీ చూస్తూ, నిద్రలో కూడా. బిళ్ళ మళ్లీ వచ్చిందా? నిన్నటి కంటే పెద్దదా? రోజుకి ఇరవైసార్లు తడిమేదాన్ని. చివరికి వాడే నేను దగ్గరికొస్తే మెడ పక్కకి తిప్పుకోవడం మొదలుపెట్టాడు. డాక్టరుతో చెబితే, "ఆదివారం ఒక్కసారి చూడండి. మిగతా ఆరు రోజులు వీపు నిమరండి" అన్నారు. ఆవిడ రాసిన మందులన్నిటిలోకీ నాకు బాగా పనిచేసింది అదే.

సెలవుల కోసం ఆఫీసులో అమ్మకి ఒంట్లో బాగాలేదని చెబుతూ వచ్చాను. ఒకసారి మేనేజరు ఫోన్ చేస్తే అమ్మే ఎత్తింది. ఆ సాయంత్రం, "నా మోకాలి ఆపరేషన్‌కి మూడ్రోజులు పెట్టావు సెలవు" అంది. నిజమే, ఏమనను? కానీ మర్నాటి నుంచి వాడికి కోడి ఉడకబెట్టి, ఎముకలు తీసి, అన్నంలో కలిపి పెట్టే పని ఎవరూ అడక్కుండానే తను తీసుకుంది. "నీ కోసం కాదు, వాడి మొహం చూడలేక" అనేది.

"కుక్కకేనా ఇంత?" అనేవాళ్లు తగులుతారు, మీలో మీరూ అనుకుంటారు. అమెరికాలో కెంట్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2017లో ఒక అధ్యయనం వేశారు. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్లని చూసుకునేవారి భారం కొలవడానికి తయారైన ప్రశ్నావళినే మార్చి, జబ్బుపడ్డ పెంపుడు జంతువుల్ని చూసుకునే వాళ్లని అడిగారు. ఆరోగ్యంగా ఉన్న జంతువుల యజమానుల కంటే వీళ్లలో భారం, ఒత్తిడి, దిగులు లక్షణాలు ఎక్కువగా కనబడ్డాయి. అది చదివిన రాత్రి నేను పిచ్చిదాన్ని కానని కాస్త నిద్రపోయాను.

ఖర్చు మాకు లక్షన్నర దాటింది. మందులకన్నా ప్రతిసారీ చేసే సీబీపీ రక్తపరీక్షకి, సెలైన్లకి, తిరగడానికి ఎక్కువైంది. ఎంతవరకూ పెట్టగలరో మొదటి వారమే ఒక కాగితం మీద రాసుకోండి. మధ్యలో ఆ లెక్క వెయ్యడం మొదలుపెడితే ప్రతి రూపాయీ వాడి ప్రాణంలాగే కనిపిస్తుంది.

ఎనిమిదో నెలలో ఒక ఆదివారం బిళ్ళలు తగిలాయి. వేరే మందులున్నాయన్నారు, వద్దనుకున్నాం. అప్పట్నుంచి గోడ మీది తెలుగు క్యాలెండర్లో ప్రతి రాత్రి ఒక గీత, తిని తోక ఊపిన రోజు నీలం పెన్నుతో, లేనిరోజు ఎరుపుతో. అమ్మా నేనూ ముందే అనుకున్నాం, వరసగా రెండు వారాలు ఎరుపు ఎక్కువైతే ఆపేద్దామని. పదకొండో నెలలో ఎక్కువైంది. డాక్టరు ఇంటికే వచ్చారు. అమ్మ ఒళ్లో తల పెట్టి ఉండగా ఇంజక్షన్ ఇచ్చారు. ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల శ్మశానంలో దహనం చేయించాం.

కాబట్టి చూసుకోగలరు, ఒక్కరే అయితే మాత్రం కష్టం. మీ అమ్మగారిని మొదటి రోజే కూర్చోబెట్టి తిండి పని ఆవిడకి అప్పగించండి. నాలా ఆఫీసులో అబద్ధాలు ఆడకండి. ముందు ఇవాళే స్టెరాయిడ్ సంగతి అడిగి ఇక్కడే రాయండి. మా ఇంట్లో గ్లౌజుల డబ్బా ఒకటి సగం మిగిలే ఉంది, ఉప్పల్ వైపు వాళ్లయితే వచ్చి పట్టుకెళ్లొచ్చు.