కీవీనాలో శనివారం ప్రయాణం: ఐకాన్ కాదు, గాలి దిక్కు చూడు

చి. సాహితికి,

శుభాశీస్సులు. శని, ఆదివారాల్లో నలుగురూ అక్కడి మిషిగన్ రాష్ట్రంలోనే హౌటన్ నుంచి కాపర్ హార్బర్ దాకా కారులో వెళ్లాలనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. వెళ్లొద్దని చెప్పడానికి రాయడం లేదు. జనవరిలో అక్కడి వాతావరణ సూచనను ఎలా చదవాలో ముందు నేర్చుకో. వెళ్లాలా వద్దా అన్నది అప్పుడు నువ్వే తేల్చుకోగలవు.

ఫోన్‌లో కనిపించే ఐకాన్‌ను పక్కన పెట్టు. జనవరిలో హౌటన్‌కు వారమంతా మంచు బొమ్మే ఉంటుంది. రెండు అంగుళాలు పడినా అదే, పద్దెనిమిది పడినా అదే. నువ్వు చూడాల్సింది గాలి దిక్కు. కీవీనా ద్వీపకల్పం లేక్ సుపీరియర్‌లోకి ఈశాన్యంగా చొచ్చుకుపోయి ఉంటుంది. కెనడా వైపు నుంచి వచ్చే చలిగాలి సరస్సు దాటి నేరుగా దాని ఒడ్డుకే తగులుతుంది. సుపీరియర్ సగటు లోతు 147 మీటర్లు, కాబట్టి త్వరగా గడ్డకట్టదు. జనవరిలో కూడా పైనీళ్లు సున్నా మీద రెండు మూడు డిగ్రీల సెల్సియస్ ఉంటాయి. ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో గాలి నీటికంటే 13 డిగ్రీలు అంతకంటే ఎక్కువ చల్లగా ఉంటే, సరస్సు వేడీ తేమా పైకి లేచి మేఘమై మంచుగా కురుస్తుంది. దీన్నే అక్కడివాళ్లు లేక్ ఎఫెక్ట్ అంటారు. 1978–79 చలికాలంలో కీవీనా కౌంటీలో 390.4 అంగుళాలు పడింది. మొహాక్ అనే ఊరు దాటాక రోడ్డు పక్కన ఆ లెక్క చూపించే పొడవాటి కొలబద్ద నిలబెట్టారు, మీకూ కనిపిస్తుంది.

గాలి పడమర నుంచి గానీ వాయువ్యం నుంచి గానీ వస్తుంటే మీ దారిలో మంచు ఆగదు. దక్షిణం, నైరుతి నుంచి వస్తే అది నేల మీదుగా వచ్చే గాలి. సరస్సు నుంచి మంచు తేలేదు, రోడ్డు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. మామూలుగా జరిగేది ఇలా ఉంటుంది. శుక్రవారం కెనడాలోని అల్బర్టా వైపు నుంచి ఒక చిన్న అల్పపీడనం వస్తుంది. అది రాకముందు గాలి దక్షిణం నుంచి ఉండి చలి తగ్గినట్టనిపిస్తుంది. అది దాటుతూ రెండు మూడు అంగుళాలు కురిపించి పోతుంది. అందరూ ‘హమ్మయ్య, అయిపోయింది’ అనుకుంటారు. ఆ తర్వాతే గాలి వాయువ్యానికి తిరుగుతుంది, అసలు మంచు అప్పుడు మొదలై ఒకటి రెండు రోజులు వదలదు. ‘తుపాను శుక్రవారమే పోతుంది కదా, శనివారం వెళ్దాం’ అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. గాలి ఏ గంటకు తిరుగుతుందో పట్టుకోగలిగితే సగం పని అయినట్టే.

నేషనల్ వెదర్ సర్వీస్ (అమెరికా వాతావరణ శాఖ) సైట్‌లో మ్యాప్ మీద హౌటన్ కాదు, కాపర్ హార్బర్ మీద నొక్కు. దారిలో వచ్చే కాలుమెట్, డెలావేర్ ఊళ్ల మీద కూడా నొక్కి విడిగా చూడు. హౌటన్ కాలువ ఒడ్డున పల్లంలో ఉంది. కాలుమెట్ సరస్సు మట్టానికి దాదాపు 180 మీటర్లు ఎత్తున ఉంటుంది. గాలి ఆ గుట్ట ఎక్కేటప్పుడు ఇంకా చల్లబడి మంచు ఎక్కువ పడుతుంది. మీ కిటికీలోంచి ఆకాశం బాగుందని మధ్యలో ఉన్న 75 కిలోమీటర్ల దారి బాగుంటుందనుకోకు. ఆ పేజీలోనే గంటగంటకూ గ్రాఫ్ ఉంటుంది. అందులో గాలి దిక్కు, ఈదురుగాలి వేగం, విండ్ చిల్ (గాలి వల్ల ఒంటికి తగిలే చలి), ఈ మూడూ చూడు.

తర్వాత మార్కెట్ (Marquette) అనే పట్టణం దగ్గరున్న ఆ సర్వీస్ ఆఫీసు వాళ్లు రాసే ‘ఫోర్‌కాస్ట్ డిస్కషన్’ చదువు. ఎవరూ దాన్ని తెరవరు, నాకు మాత్రం అన్నిటికంటే విలువైనది అదే. మంచు ఎంత పడుతుందన్నదే కాదు, ఆ అంచనా మీద వాళ్లకే ఎంత నమ్మకముందో, గాలి ఎప్పుడు తిరుగుతుందో మామూలు వాక్యాల్లో రాస్తారు. వాళ్లిచ్చే హెచ్చరికల్లో ‘వాచ్’ అంటే ప్రమాదం రావచ్చు, సిద్ధంగా ఉండమని. ‘వార్నింగ్’ అంటే వస్తోంది లేదా వచ్చేసింది. వార్నింగ్ ఉన్న పూట కారు తీయొద్దు.

రాడార్‌ను మరీ నమ్మకు. అది ఉన్నది నెగౌనీలో, మీకు దాదాపు వంద కిలోమీటర్ల దూరం. లేక్ ఎఫెక్ట్ మేఘాలు తక్కువ ఎత్తులో ఉంటాయి. అంత దూరం వచ్చేసరికి రాడార్ కిరణం చాలావరకు వాటి పైనుంచే పోతుంది. తెర ఖాళీగా ఉన్నా బయట కుండపోతగా మంచు పడుతూ ఉండొచ్చు. రోడ్డు ఎలా ఉందో తెలియాలంటే రాష్ట్ర రవాణా శాఖ వాళ్ల ‘మై డ్రైవ్’ మ్యాప్‌లో కెమెరాలు చూడటం మేలు.

అంగుళాల లెక్క ఒక్కటే చూసి భయపడకు, ధైర్యపడకు. మామూలు మంచు పది అంగుళాలు కరిగితే ఒక అంగుళం నీరు. సరస్సు మంచు ఇరవై, ముప్పై అంగుళాలు కరిగితే గానీ అంత నీరు రాదు. దూదిలా తేలిగ్గా ఉంటుంది, పారతో ఎత్తడం సులువు. కానీ గాలి గంటకు 25 మైళ్లు దాటితే అదే పొడి లేచి ముందు కారు వెనక లైట్లు కూడా కనిపించవు. మూడంగుళాలే పడుతుందన్న రోజున కూడా వైట్‌అవుట్, అంటే ఎటు చూసినా తెలుపు తప్ప ఏమీ కనిపించకపోవడం, కావచ్చు.

ఇక చలి. 0 ఫారన్‌హీట్ (సెల్సియస్‌లో మైనస్ 18) ఉండి గాలి 15 మైళ్ల వేగంతో వీస్తే ఒంటికి తగిలేది మైనస్ 19 ఫారన్‌హీట్. బయట పెట్టిన చర్మం అరగంటలో చచ్చుబడుతుంది. ముందు తెల్లబడేది ముక్కు కొన, చెవులు, వేళ్లు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండండి, ఎవరిది వాళ్లకు తెలియదు. ముఖానికి నూనె రాస్తే చలి ఆగదు. ఒంటికి ఆనుకునే బట్ట నూలుది వద్దు, చెమట పీల్చి తడిగానే ఉంటుంది. విడి వేళ్ల గ్లౌజులకంటే వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే మిట్టెన్లు నయం.

కారు టైర్ల మీద చలికాలపు టైర్లకుండే కొండ, మంచు రేకు గుర్తు ఉందో లేదో చూడు. ఆల్ సీజన్ రబ్బరు చలికి గట్టిపడి పట్టు వదిలేస్తుంది. ఉష్ణోగ్రత 10 ఫారన్‌హీట్ పడినప్పుడల్లా టైర్ గాలి దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుంది, బయల్దేరే ముందు చూసుకో. అద్దం కడిగే ద్రవం మైనస్ 20 ఫారన్‌హీట్‌కు తట్టుకునేది పోయించు, మామూలుది అద్దం మీదే గడ్డకడుతుంది. పెట్రోలు సగం ట్యాంకు కంటే తగ్గనీయకు. పార, దుప్పట్లు, ఇసుక సంచి వేసుకో. తిండి మాత్రం డిక్కీలో పెట్టకు, పులిహోర డబ్బా రాయైపోతుంది. ఫోన్ చొక్కా లోపలి జేబులో ఉంచు, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి ఆరిపోతుంది.

మంచు తోసే ప్లౌ బండిని దాటకు. దాని ముందు రోడ్డు వెనక ఉన్నట్టు ఉండదు. కూడళ్ల దగ్గర మంచు గోడలు కారుకంటే ఎత్తు ఉంటాయి. అందుకే అక్కడివాళ్లు కొందరు యాంటెనాకు చిన్న జెండా కట్టుకుంటారు. కారు ముందు భాగం కాస్త బయటపెట్టి ఆగి చూసి కదులు. చిక్కుకుపోతే కారు దిగి నడవొద్దు. ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వి తీసేయాలి, లేకపోతే విషవాయువు లోపలికి వస్తుంది. ఆ తర్వాత గంటకు పది నిమిషాలు ఇంజిన్ నడిపి, ఒక కిటికీ సందు తెరిచి ఉంచాలి. మంచు పడుతూనే ఉంటే ఇంజిన్ వేసే ప్రతిసారీ గొట్టం మళ్లీ చూడాలి.

బ్రాక్‌వే కొండ రోడ్డు చలికాలం కార్లకు మూసేస్తారు, జీపీఎస్ చూపించినా తిప్పకు. కాపర్ హార్బర్‌లో ఒడ్డున గట్టిపడ్డట్టు కనిపించే మంచు మీద కాలు పెట్టొద్దు. కింద అలలు తొలిచి డొల్ల చేసి ఉంటాయి, గాలి తిరిగితే పలక మొత్తం విడిపోతుంది. చిన్న సరస్సుల మీద నడవాలన్నా నల్లగా, స్వచ్ఛంగా ఉన్న ఐస్ కనీసం నాలుగంగుళాలు ఉండాలి. తెల్లటి ఐస్‌కు బలం సగమే. హౌటన్ లిఫ్ట్ బ్రిడ్జి కింద మాత్రం ఎంత మందం కనిపించినా వద్దు, అడుగున నీరు కదులుతూ ఉంటుంది.

గురువారం రాత్రి ఒకసారి డిస్కషన్ చదువు, శుక్రవారం సాయంత్రం మళ్లీ, శనివారం పొద్దున్నే ఇంకోసారి. మూడుసార్లూ గాలి దక్షిణం నుంచే అని చెబుతుంటే వెళ్లండి. ఎనిమిదిన్నరకు గానీ తెల్లవారదు, ఐదున్నర దాటితే చీకటి. తొమ్మిదికి బయల్దేరి మూడింటికల్లా తిరుగుముఖం పట్టండి. గాలి మధ్యాహ్నమే తిరుగుతుందని ఉంటే కాలుమెట్ దాకా వెళ్లి భోజనం చేసి వచ్చేయండి. కాపర్ హార్బర్‌కు మార్చిలో కూడా మంచు ఉంటుంది, అప్పటికి పగలు కూడా పెద్దదవుతుంది.

బయల్దేరేటప్పుడు ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో గదిలో ఉండిపోయే అమ్మాయికి చెప్పి వెళ్లు. మొహాక్ దాటాక సిగ్నల్‌ను నమ్ముకోలేం.

ఇట్లు,
మీ పెదనాన్న