టెక్ సందేహాలు: ప్రాసెసర్ దేనికోసం ఎదురుచూస్తోంది?

ఇంజినీరింగ్ కాలేజీల్లో సెమిస్టర్ మొదలైందంటే ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల తీరే మారిపోతుంది. ఫోన్ బ్యాటరీ, వైఫై గొడవలు వెనక్కి వెళ్లి కంప్యూటర్ ఆర్కిటెక్చర్ ముందుకొస్తుంది. యూనిట్ల వారీగా బట్టీ పట్టి పాసైపోయే సబ్జెక్టుగా దీన్ని చూడటం నాకు బాధ కలిగిస్తుంది. మన చేతిలో ఉన్న మెషీన్ ఎందుకు వేగంగా నడుస్తుందో, ఎందుకు నడవదో చెప్పేది ఇదొక్కటే. చెన్నైలోని తెలుగువాళ్లు ఈ వారం పంపిన వాటిలో నాలుగు ప్రశ్నలు తీసుకున్నాను.

మాది నెల్లూరు. తాంబరం దగ్గర బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. సీ భాషలో 10,000 అడ్డు వరుసలు, 10,000 నిలువు వరుసలున్న అరేలో (అంకెల పట్టికలో) అంకెలన్నీ కూడాను. అడ్డంగా కూడితే చిటికెలో అయిపోయింది. లూపులు తారుమారు చేసి నిలువుగా కూడితే చాలా రెట్లు ఎక్కువ టైమ్ పట్టింది. కూడికలు అవే కదా! ల్యాప్‌టాప్‌లో లోపమా?

మీ ల్యాప్‌టాప్ నిక్షేపంగా ఉంది. ఈ కోర్సు మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతిని మీరు ప్రయోగం చేసి మరీ పట్టుకున్నారు. ఆ టైమంతా కూడికలకు పట్టింది కాదు. కూడాల్సిన అంకె చేతికొచ్చేదాకా ప్రాసెసర్ ఖాళీగా ఉండటానికి పట్టింది.

3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో ఒక సైకిల్ అంటే నానోసెకనులో మూడో వంతు. ర్యామ్ నుంచి డేటా రావడానికి రమారమి 100 నానోసెకన్లు, అంటే 300 సైకిళ్లు పడుతుంది. ఒక సైకిల్‌ని ఒక సెకను అనుకుని లెక్కేయండి. ప్రాసెసర్‌ని ఆనుకుని ఉండే ఎల్1 క్యాష్ (cache) అనే చిన్న, వేగమైన మెమరీ నుంచి డేటా 4, 5 సెకన్లలో వచ్చేస్తుంది. ర్యామ్ నుంచి రావాలంటే 5 నిమిషాలు. ఎస్‌ఎస్‌డీ నుంచైతే మూడు, నాలుగు రోజులు. పాత రకం హార్డ్ డిస్క్‌లో ముల్లు సరైన చోటికి వెళ్లి చదివేసరికి దాదాపు ఏడాది గడిచిపోతుంది!

అందుకే ర్యామ్ దాకా వెళ్లినప్పుడు ప్రాసెసర్ ఒక్క అంకెతో తిరిగి రాదు. పక్కనున్న వాటిని కూడా కలుపుకుని ఒకేసారి 64 బైట్లు తెచ్చుకుంటుంది. మన ఇంటెల్, ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో క్యాష్ లైన్ అంటే ఇదే. మీ అరేలో ఒక్కో ఇంట్ (int, పూర్ణాంకం) 4 బైట్లు కాబట్టి ఒక లైనులో 16 అంకెలు వస్తాయి. సీ భాష అరేని అడ్డు వరుసల క్రమంలో మెమరీలో పేరుస్తుంది. అడ్డంగా వెళ్తే మొదటి అంకె కోసం ఆగాలి గానీ, తర్వాతి 15 అప్పటికే చేతిలో ఉంటాయి. నిలువుగా వెళ్తే ప్రతి అడుగుకీ 40,000 బైట్లు దూకాలి. తెచ్చిన 16లో ఒకటే వాడుకుంటారు. మిగతావి మళ్లీ కావాల్సి వచ్చేసరికి ఆ లైను ఉన్న చోట చాలావరకు ఇంకోటి వచ్చి కూర్చుని ఉంటుంది. పైగా మెమరీని విడగొట్టే ముక్క, అంటే ఒక మెమరీ పేజీ, 4 కిలోబైట్లే కాబట్టి దూకిన ప్రతిసారీ కొత్త పేజీలో పడతారు. దాంతో ప్రోగ్రామ్ వాడే అడ్రస్‌లను అసలు ర్యామ్ అడ్రస్‌లుగా మార్చిపెట్టే టీఎల్‌బీ మీద కూడా భారం పడుతుంది.

పరీక్షలో వచ్చే సగటు మెమరీ యాక్సెస్ టైమ్ ఫార్ములా చెప్పేది కూడా ఇదే. క్యాష్‌లో దొరికితే 1 నానోసెకను, దొరక్కపోతే అదనంగా 100 అనుకోండి. నూటికి 5 సార్లు దొరకకపోతే సగటు 6 నానోసెకన్లు. 2 సార్లే దొరకకపోతే 3. హిట్ రేటు (క్యాష్‌లో దొరికే శాతం) 95 నుంచి 98కి పెరిగితే చూడ్డానికి చిన్న తేడానే, కానీ వేగం రెట్టింపవుతుంది. ఫార్ములా రాసేటప్పుడు మీ రెండు లూపులనూ గుర్తు చేసుకోండి, ఇక మర్చిపోలేరు.

ఇంకో మాట. అరేని మెయిన్ ఫంక్షన్ బయట డిక్లేర్ చేసి ఉంటారు. లోపల పెట్టుంటే 40 కోట్ల బైట్లు స్టాక్‌లో (ఫంక్షన్ల లోపలి డేటాకు ఇచ్చే చిన్న మెమరీలో) పట్టక ప్రోగ్రామ్ అక్కడే క్రాష్ అయ్యేది. ఇదే ప్రోగ్రామ్ ఎవరైనా ఫ్రెండ్ కంప్యూటర్‌లో నడిపితే తేడా కనిపించలేదంటే కంపైలర్‌కి ప్రోగ్రామ్‌ని వేగంగా మలిచే ఓ3 (-O3) ఆప్టిమైజేషన్ ఇచ్చారేమో చూడండి. ఒక్కోసారి లూపుల క్రమాన్ని అదే సరిచేసేస్తుంది. ఫోర్‌ట్రాన్, మాట్‌ల్యాబ్‌లలో అరేని నిలువు వరుసల క్రమంలో పేరుస్తారు కాబట్టి అక్కడ నిలువుగా వెళ్లడమే లాభం.

512 జీబీ ఎస్‌ఎస్‌డీ అని కొంటే విండోస్‌లో 476 జీబీయే చూపిస్తోంది. షాపువాళ్లు మోసం చేశారా? (వేళచేరి నుంచి ఒక గృహిణి)

మోసం ఏమీ లేదమ్మా. తయారీదారు లెక్కలో ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్ మాత్రం 1024ని మూడుసార్లు హెచ్చించి, 107,37,41,824 బైట్లయితేనే ఒక జీబీ అంటుంది. 512ని ఆ లెక్కలోకి మారిస్తే 476.8 వస్తుంది. ఈ పెద్ద జీబీకి గిబీబైట్ అని 1998లోనే వేరే పేరు పెట్టారు గానీ విండోస్ దాన్ని వాడటం లేదు. మ్యాక్ అయితే 1000 లెక్కే కడుతుంది. మీ డబ్బుకు రావాల్సిన బైట్లన్నీ వచ్చాయి.

మాది చిత్తూరు. శ్రీపెరుంబుదూరు దగ్గర చదువుతున్నాను. మా ల్యాబ్‌లో ఇంకా 8085 మైక్రోప్రాసెసర్ కిట్లే ఉన్నాయి. 1976 నాటి చిప్ ఇప్పుడెందుకు సర్? రిస్క్-ఫైవ్ (RISC-V) ఆజ్ఞల సెట్ నేర్చుకుంటే సరిపోదా?

రెండూ నేర్చుకోండి, కానీ 8085 ముందు. ఒక్కో బైటునూ మీ వేలితో నొక్కి ప్రాసెసర్ చేత పని చేయించే అవకాశం మళ్లీ రాదు.

ఈసారి ల్యాబ్‌లో ఇది చేసి చూడండి. కిట్‌లో ప్రోగ్రామ్ మొదలుపెట్టే అడ్రస్ నుంచి వరసగా 3ఈ, 05, 06, 07, 80, 32, 00, 45, 76 అని కొట్టండి (ఇవన్నీ 16 ఆధారంగా రాసే హెక్సాడెసిమల్ అంకెలు). ప్రాసెసర్ లోపలి చిన్న అరలైన రిజిస్టర్లలో ‘ఏ’ (A) అనే దాంట్లో 5, ‘బీ’ (B) అనే దాంట్లో 7 పెట్టి, రెండూ కూడి, వచ్చింది 4500 అడ్రస్‌లో దాచి ఆగిపోమని దీనర్థం. రన్ చేశాక 4500 తెరిస్తే 0సీ కనిపిస్తుంది, అంటే 12. మీ కిట్‌లో ర్యామ్ వేరే చోట ఉంటే ఆ అడ్రస్ మార్చుకోండి. 4500ని 00, 45 అని తిప్పి కొట్టాం కదా, తక్కువ స్థానపు బైటు ముందు వచ్చే ఆ పద్ధతినే లిటిల్ ఎండియన్ అంటారు. మీ ఇంటెల్ ల్యాప్‌టాప్ కూడా ఈ రోజుకీ అలాగే దాస్తుంది.

చివరి 76 సంగతి చూడండి. నడపాల్సిన ఆజ్ఞ అడ్రస్‌ని చూపే ప్రోగ్రామ్ కౌంటర్ దాని మీదకు వచ్చింది కాబట్టి అది ‘ఆగు’ అనే ఆజ్ఞ అయింది. అదే 76ని 05 ఉన్న చోట కొడితే అది 118 అనే మామూలు అంకె. ఆజ్ఞలూ డేటా ఒకే మెమరీలో, ఒకే రూపంలో ఉండటమనే ఈ ఆలోచన 1945లో గణిత శాస్త్రవేత్త వాన్ నాయ్‌మన్ ఎడ్వాక్ అనే కంప్యూటర్ గురించి రాసిన నివేదికతో లోకానికి తెలిసింది. మీ ఫోన్ దాకా వచ్చింది ఇదే. పాత చిప్ అని చులకనగా చూడకండి. 1997లో అంగారకుడి మీద తిరిగిన సోజర్నర్ రోవర్‌ని నడిపించింది 80సీ85, అంటే ఈ 8085 కుటుంబమే.

ఇక రిస్క్-ఫైవ్. 2010లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో పుట్టింది. లైసెన్స్ ఫీజు లేదు, ఎవరైనా ఆ ఆజ్ఞలతో ప్రాసెసర్ డిజైన్ చేసుకోవచ్చు. 32 బిట్ల మూల సెట్‌లో ఉన్నవి సుమారు 40 ఆజ్ఞలే కాబట్టి అసెంబ్లీ నేర్చుకోవడం తేలిక. దీని ఆధారంగా ‘శక్తి’ ప్రాసెసర్లు డిజైన్ చేసింది మీకు దగ్గర్లోనే ఉన్న ఐఐటీ మద్రాసు. 2018లో ఆ చిప్ మీద లైనక్స్ నడిపి చూపించారు. ఇంట్లో సాధన చేయడానికి రైప్స్ అనే ఉచిత సిమ్యులేటర్ వేసుకోండి. ఆజ్ఞలు దశలవారీగా సాగే పైప్‌లైన్‌లో ఏ ఆజ్ఞ ఎక్కడుందో, క్యాష్‌లో ఏది దొరికిందో ఏది దొరకలేదో కళ్లెదుట కనిపిస్తుంది.

మా అబ్బాయి సీఎస్‌ఈలో చేరాడు. రిచీ స్ట్రీట్‌లో రెండు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు చూశాం. ఒకటి ఐ7-7500యు, ఇంకోటి ఐ5-8250యు. రెండిట్లోనూ 8 జీబీ ర్యామే, ధరలోనూ పెద్ద తేడా లేదు. షాపతను ఐ7 తీసుకోమంటున్నాడు. (పెరంబూరు నుంచి ఒక తండ్రి)

ఐ5 తీసుకోండి, సందేహమే వద్దు. ఐ7 అన్న పేరు చూసి డబ్బు పెట్టకండి. 2016 నాటి ఆ ఐ7లో ఉన్నవి 2 కోర్లే (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు). 2017లో వచ్చిన ఈ ఐ5లో 4 ఉన్నాయి, ఎల్3 క్యాష్ కూడా 4 ఎంబీకి బదులు 6 ఎంబీ. పైగా విండోస్ 11 అధికారికంగా పనిచేసేది ఇంటెల్ 8వ తరం నుంచి, అంటే ఆ ఐ7 బయటే. విండోస్ 10కేమో 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ముగిసింది.

డబ్బు కట్టేముందు షాపులోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కమనండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్తే కోర్లు ఎన్నో, క్యాష్ ఎంతో రాసి ఉంటుంది. మెమరీ పేజీలో రెండు స్లాట్లకు ఒకటే వాడినట్టు ఉంటే మంచిదే. తర్వాత ఇంకో 8 జీబీ స్టిక్ వేయించవచ్చు. అప్పుడు ర్యామ్ పెరగడమే కాదు, డేటా రెండు దారుల్లో వస్తుంది. డీడీఆర్4 2400 రకం ర్యామ్ అయితే సెకనుకు 19.2 జీబీ ఉన్నది 38.4కి పెరుగుతుంది. అదే పేజీల్లో డిస్క్ దగ్గర హెచ్‌డీడీ అని కనిపిస్తే ర్యామ్ కన్నా ముందు దాన్ని మార్చి ఎస్‌ఎస్‌డీ వేయించండి. పైన చెప్పిన ‘ఏడాది’ లెక్క దాని గురించే.

ఛార్జర్ తీసేసి అరగంట నడిపి బ్యాటరీ చూడండి. బిల్లు మీద ఉత్త ‘ఐ5 ల్యాప్‌టాప్’ అని రాస్తే ఒప్పుకోకండి. ప్రాసెసర్ నంబరు, ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు, వారంటీ ఎన్నాళ్లో మూడూ రాయించుకోండి.