హదీసుల్లో వైద్యం గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

హదీసుల్లో, అంటే ప్రవక్త ముహమ్మద్ మాటలు, చేతల గురించిన కథనాల్లో, ఉన్న వైద్యం మీద నువ్వు పంపిన డ్రాఫ్ట్ రెండుసార్లు చదివా. కలోంజి (నల్ల జీలకర్ర), హిజామా (కప్పులు పెట్టి రక్తం తీసే వైద్యం), ఈగ రెక్కలు, ఒంటె మూత్రం, అజ్వా ఖర్జూరం అన్నీ ఒకే వ్యాసంలో కుక్కేశావ్, దాంతో ఏదీ లోతుకి పోలేదు. ముందు ఒక్కటే తీసుకుని లోతుగా రాయి, మిగతావి క్లుప్తంగా చాలు.

నమ్మేవాళ్ళని వెక్కిరించిన లైన్లన్నీ తీసెయ్. నేనూ నీ వయసులో అలాగే రాశా, ఆల్రెడీ నాతో ఒప్పుకునేవాళ్ళు బాగుందన్నారు, ఎవరికోసం రాశానో వాళ్ళు మాత్రం రెండో పేరా దాటలేదు. షుగర్ మందులు మానేసి కలోంజి గింజలు నములుతున్న మనిషి చదవాల్సిన వ్యాసం అది, ఆయన్ని మొదటి లైన్లోనే అవమానిస్తే ఇంక ఎందుకు చదువుతాడు చెప్పు.

కలోంజితోనే మొదలెట్టు. బుఖారీ అనే హదీసు సంకలనంలో ఉన్న మాట ఏంటంటే, చావుకి తప్ప ప్రతి రోగానికీ అందులో మందు ఉందని. ఆ మాటని ఉన్నదున్నట్టు ఇవ్వు, పెంచకు తగ్గించకు. ఇక్కడ "ప్రతి" అంటే అక్షరాలా ప్రతి రోగం కాదు, కొన్ని రకాల రోగాలే అని పాత వ్యాఖ్యాతల్లోనే కొందరు అన్నారు, అది కూడా రాయి, చాలామందికి తెలీదు. తర్వాత ల్యాబ్ సంగతికి రా. అందులో థైమోక్వినోన్ అనే పదార్థం ఉంది, గాజు పాత్రల్లో కణాల మీద, ఎలకల మీద బాగానే పనిచేసినట్టు కనబడింది, మనుషుల మీద చేసిన ట్రయల్స్‌లో కూడా షుగర్, కొలెస్ట్రాల్ కొంచెం తగ్గాయి, కాకపోతే ఎక్కువ శాతం చిన్న ట్రయల్స్. ఇదంతా దాచకుండా చెప్పాలి. ఎందుకంటే అసలు మోసం దీని తర్వాత వచ్చే గెంతులో ఉంది, "కొంచెం తగ్గింది" నుంచి "ఇన్సులిన్ మానేయొచ్చు" దాకా ఒక్క గెంతు. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లాడికి ఇన్సులిన్ ఆపితే రోజుల్లో కీటోఅసిడోసిస్ వస్తుంది, అంటే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోతాయి, ప్రాణం పోతుంది. ఈ సంగతి నీ డ్రాఫ్ట్‌లో ఎక్కడా లేదు, నాకు నిజంగా బాధేసింది, వ్యాసం రాసేదే దీనికోసం కదా.

ఈగ విషయంలో నీ వాదన వీక్‌గా ఉంది. ఒక రెక్కలో రోగం ఇంకో రెక్కలో మందు, అందుకే ఈగ పడితే పూర్తిగా ముంచి తీసేయమని హదీసు. దాన్ని సమర్థించేవాళ్ళు కీటకాల ఒంట్లో బ్యాక్టీరియాని చంపే పెప్టైడ్లు (చిన్న ప్రొటీన్ ముక్కలు) ఉన్నాయంటారు, ఆ మాట నిజమే, నువ్వు కాదనడం తప్పు. కానీ పరీక్షించాల్సింది అది కాదు. ఈగ పడగానే తీసేసిన గ్లాసు, ముంచి తీసిన గ్లాసు, ఈ రెండిట్లో దేంట్లో బ్యాక్టీరియా తక్కువ? ఈ ప్రశ్న అడిగి, జవాబు చూపించే బాధ్యత ఆ మాట అన్నవాళ్ళదేనని చెప్పు, చాలు.

ఒంటె మూత్రం గురించి ఎక్కువ అక్కర్లేదు. 2012లో సౌదీలో ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే మెర్స్ వైరస్ బయటపడింది, అది ఒంటెల నుంచి మనుషులకి వస్తుంది, పచ్చి ఒంటె పాలు, మూత్రం తాగొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఈ రెండు లైన్లు సరిపోతాయి.

ఇంకోటి, సైన్స్ అంటే బయటినుంచి వచ్చి ఇస్లాంని పరీక్షిస్తున్నట్టు రాశావ్, అది చరిత్ర తెలీక రాసింది. పర్షియా వైద్యుడు అల్ రాజీ వెయ్యేళ్ళ కిందటే మెదడు వాపు లాంటి జబ్బుకి కొంతమంది రోగులకి రక్తం తీసి, ఇంకొంతమందికి కావాలనే తీయకుండా పోల్చి చూశాడు. రక్తం తీస్తే మంచిదన్న ఆయన నిర్ణయం ఈరోజు నిలవదు గానీ ఆ పోల్చే పద్ధతి చూడు! 1348 ప్లేగు గురించి రాస్తూ స్పెయిన్‌లోని గ్రెనడాకి చెందిన పండితుడు ఇబ్న్ అల్ ఖతీబ్, అంటువ్యాధి లేదన్న హదీసు ఉన్నా సరే, రోగిని, రోగి బట్టల్ని తాకినవాళ్ళకి అంటుకోవడం, దూరంగా ఉన్నవాళ్ళు బతకడం కళ్ళారా చూస్తున్నాం, అనుభవానికి అడ్డొస్తే ఆ మాటకి వేరే అర్థం వెతుక్కోవాలని వాదించాడు. చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ అయితే 1377లో రాసిన ముఖద్దిమా అనే పుస్తకంలో, ప్రవక్త వచ్చింది ధర్మం నేర్పడానికి, వైద్యం నేర్పడానికి కాదు, హదీసుల్లో ఉన్న వైద్యం ఆనాటి అరబ్బుల అలవాటే తప్ప దైవవాణి కాదని సూటిగా చెప్పాడు. ఖర్జూర చెట్ల పరాగసంపర్కం గురించి ప్రవక్త తానిచ్చిన సలహా పనిచేయకపోతే "మీ లోకవ్యవహారాలు మీకే బాగా తెలుసు" అన్న సంఘటననే సాక్ష్యంగా తెచ్చాడు. నమ్మకం ఉన్న పాఠకుడికి వీళ్ళు పరాయివాళ్ళు కాదు, అందుకే వీళ్ళతోనే మాట్లాడించు.

హిజామా ఇప్పుడే ముట్టుకోకు. రోగికి తెలీకుండా ఉత్తుత్తి కప్పింగ్ చేయడం కష్టం, కాబట్టి ఆ ట్రయల్స్ చదవడానికి కొంచెం ప్రాక్టీస్ కావాలి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు జాగ్రత్త అని మాత్రం ఒక లైన్ ఉంచు.

కొత్త డ్రాఫ్ట్ పంపేముందు, నువ్వు "రీసెర్చ్‌లో తేలింది" అని రాసిన ప్రతిచోటా అది ఎలకల మీదా మనుషుల మీదా, ఎంతమంది మీద, ఎన్నాళ్ళు అన్నది పక్కన రాసి పంపు. అవి దొరకని చోట ఆ వాక్యం కొట్టెయ్. ఇన్సులిన్ సంగతి మొదటి పేరాలో ఉండాలి, మర్చిపోకు.

నీ అన్న